హిట్లర్‌ను నియంతను చేసింది అతని ప్రసంగాలేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: "హిట్లర్ వీడియోలు చూస్తే ఊగిపోతూ అరిచే మనిషి తప్ప ఇంకేమీ కనిపించదు, నాకైతే నవ్వొస్తుంది. అంత చదువుకున్న జర్మన్లు ఆ అరుపులకు ఎలా పడిపోయారు? ఒక మనిషి ఒట్టి ప్రసంగాలతో నియంత కాగలడా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ప్రసంగాలు హిట్లర్ చేతికి ఒక పార్టీని ఇచ్చాయి. దేశాన్ని ఇవ్వలేదు. దేశం అతని చేతిలోకి వెళ్లడానికి ఆర్థిక మాంద్యం, వీధుల్లో దౌర్జన్యం, అతన్ని అడ్డం పెట్టుకుని తమ పని జరిపించుకోవచ్చనుకున్న కొద్దిమంది పెద్దమనుషులు, ఇన్ని కలిసిరావాల్సి వచ్చింది. దేశమంతటినీ కమ్మేసే బలం అతని మాటకు వచ్చింది 1933 జనవరిలో ప్రభుత్వం అతని చేతికొచ్చిన తర్వాతే. అప్పటికి అతను కొత్తగా నేర్చుకున్న విద్య ఏమీ లేదు. అతనికి బదులు చెప్పగలిగిన వాళ్ల నోళ్లు ఒక్కొక్కటే మూతపడటం మొదలైంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఆధునిక యూరప్ చరిత్ర పాఠం చెబుతున్నాను. ఈ ప్రసంగాలను అనువాదంలో చదివితే చాలదనిపించి నడివయసులో జర్మన్ నేర్చుకున్నాను. మొదట్లో చాలా ఏళ్లు నేను కూడా క్లాసులో "మాటలతో జనాన్ని మంత్రించేశాడు" అనే చెప్పేవాణ్ణి. ఒకరోజు వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, "అంత మంత్రమే ఉంటే 1928లో నూటికి మూడు ఓట్లు కూడా ఎందుకు పడలేదు సార్?" అని అడిగాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు మీకు రాస్తున్నది చాలావరకు ఆ ప్రశ్న వెంట పడి నేర్చుకున్నదే.

ముందు ఆ అరుపుల సంగతి. మనకు దొరికే వీడియో ముక్కలు సాధారణంగా ప్రసంగం చివరి భాగంలోవి. గంటన్నర, రెండు గంటల ప్రసంగంలో ఉద్రేకం తారస్థాయికి చేరిన అర నిమిషాన్ని కత్తిరించి చూపిస్తారు. మొదలయ్యే తీరు పూర్తిగా వేరు. 1933 ఫిబ్రవరి 10న బెర్లిన్‌లోని స్పోర్ట్‌పలాస్ట్ అనే పెద్ద హాలులో చేసిన ప్రసంగం మొదటి నిమిషాలు వెతికి చూడండి. వేదిక మీదికి వచ్చి నోరు విప్పడు. చప్పట్లు, కేకలు అన్నీ సద్దుమణిగే దాకా నిలబడే ఉంటాడు. ఆ నిశ్శబ్దం బిగుసుకున్నాక తగ్గు గొంతుతో, మాటలు వెతుక్కుంటున్నట్టుగా మొదలుపెడతాడు. తర్వాత చాలాసేపు చెప్పేది ఒక కథ: మనం ఎలా ఉండేవాళ్లం, మనకేం జరిగింది, ఎవరివల్ల జరిగింది. అరుపు వచ్చేసరికి హాలులో ఉన్న మనిషి గంటసేపటి నుంచి అతనితో కలిసి నడుస్తున్నాడు. మనం తిన్నగా చివరి మెట్టు మీద దిగి చూస్తున్నాం కాబట్టి నవ్వొస్తుంది.

నా విద్యార్థులకూ మొదట నవ్వే వస్తుంది. అందుకే కొన్నేళ్లుగా ఒక పని చేస్తున్నాను. 1932 జూలై ఎన్నికల కోసం నాజీ పార్టీ హిట్లర్ ప్రసంగం ఒకటి గ్రామఫోన్ రికార్డుగా వేయించింది. దాని మొదటి భాగాన్ని తెలుగులో పెట్టి, పేర్లన్నీ తీసేసి, కాగితం మీద ఇస్తాను. పదమూడేళ్లకు పైగా ఏలినవాళ్లకు కావలసినంత సమయం దొరికింది, ఫలితం కళ్లముందే ఉంది. రైతు చితికిపోయాడు, మధ్యతరగతి నాశనమైంది, పనిచేసే వయసున్న ఆడామగా జనంలో మూడోవంతుకు పని లేదు, ఖజానాలన్నీ ఖాళీ. సుమారుగా ఇదీ అందులో ఉన్నది. "మీకు ఒప్పుకోబుద్ధి కాని చోట గీత గీయండి" అంటాను. ఆ గీతలు ఎప్పుడూ ఒకచోట పడవు. కొందరు మూడో వాక్యం దగ్గరే ఆగుతారు, కొందరు కాగితం చివరి దాకా వెళ్లిపోతారు. ఎవరిదో చెప్పాక క్లాసు కాసేపు మాట్లాడదు. ఒకసారి ఒక అమ్మాయి, "ఎక్కడి దాకా తల ఊపొచ్చో తెలియలేదు సార్, ఊపేశాక తెలిసింది" అంది. ఈ విషయం మీద ఇన్నేళ్లలో నేను విన్న అతి నిజాయితీగల మాట అదే.

అతను చెప్పిన బాధ నిజం. దానికి చూపించిన కారణమే అబద్ధం. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే అతని ప్రసంగాలు ఎందుకు పనిచేశాయో అర్థం కాదు. 1923 నవంబరులో ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు ఇవ్వాల్సి వచ్చింది. జీవితమంతా దాచుకున్న సొమ్ము రొట్టె ముక్కకు కూడా చాలని పరిస్థితి. 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు దాటారు. ఇవి అతను కల్పించినవి కావు. కల్పించింది దోషుల జాబితాను. మొదటి ప్రపంచయుద్ధంలో మన సైన్యం ఓడలేదు, ఇంట్లో ఉన్న ద్రోహులు, మార్క్సిస్టులు, యూదులు వెన్నుపోటు పొడిచారు అన్నాడు. యుద్ధం ఆపించమని 1918 సెప్టెంబరు చివరలో ప్రభుత్వాన్ని తొందరపెట్టింది సైన్యాధిపతులే, అందులో ముఖ్యుడు లూడెండార్ఫ్. తర్వాత వెన్నుపోటు కథను ఊరూరా చెప్పినవాళ్లలోనూ అతనే ముందున్నాడు. ఓటమి పత్రం మీద సంతకం చేసే పని మాత్రం పౌర నాయకుల నెత్తిన పడింది, వాళ్లకు 'నవంబరు నేరస్తులు' అనే పేరు అంటుకుంది. అబద్ధాన్ని గాలిలోంచి తీస్తే ఎవరూ కొనరు. నిజమైన గాయం మీద కట్టు కట్టినట్టు కడితే జనం దాన్ని విప్పనివ్వరు.

ఇక ప్రసంగం అతనికి నిజంగా ఏమిచ్చిందో చూద్దాం. ఈ భాగం నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది, ఎందుకంటే సాధారణంగా దీన్ని దాటేసి తిన్నగా 1933కి వెళ్లిపోతారు.

1919లో హిట్లర్ ముప్పై ఏళ్ల సైనికుడు. యుద్ధం అయిపోయింది. చేతిలో చదువు లేదు, వృత్తి లేదు, ఆస్తి లేదు. మ్యూనిక్‌లో సైన్యం తన జవాన్లను కమ్యూనిజం వైపు పోకుండా చూడటానికి కొందరికి రాజకీయ పాఠాలు చెప్పి, ప్రచారకులుగా పంపేది. అందులో ఇతనొకడు. ఆగస్టులో లెఖ్‌ఫెల్డ్ శిబిరంలో జవాన్లకు ఉపన్యాసాలిచ్చినప్పుడు తను మాట్లాడగలనని తెలిసింది. సెప్టెంబరు 12న జర్మన్ వర్కర్స్ పార్టీ అనే చిన్న బృందం (తర్వాత నాజీ పార్టీ అయింది ఇదే) సమావేశానికి సైన్యం తరఫునే వెళ్లాడు, కొద్దిరోజుల్లో అందులో చేరాడు. అక్టోబరు 16న ఒక బీరుశాలలో జరిగిన సభకు, అతనే రాసుకున్న లెక్క ప్రకారం, 111 మంది వచ్చారు. 1920 ఫిబ్రవరి 24న హోఫ్‌బ్రాయ్‌హౌస్ అనే పెద్ద బీరుశాలలో పార్టీ 25 అంశాల కార్యక్రమాన్ని చదివినప్పుడు దాదాపు 2,000 మంది. 1921 ఫిబ్రవరిలో జిర్కుస్ క్రోన్ అనే సర్కస్ భవనంలో 6,000 మందికి పైగా. పద్దెనిమిది నెలలు కూడా పట్టలేదు.

ఆ సభలకు టిక్కెట్టు ఉండేది. ఆ డబ్బుతోనే తర్వాతి సభకు హాలు అద్దె, ఎర్రరంగు పోస్టర్లు. అంటే జనాన్ని తెచ్చేవాడే పార్టీని పోషించేవాడు. 1921 జూలైలో వేరే పార్టీతో విలీనం గురించి గొడవ వచ్చింది, హిట్లర్ రాజీనామా చేశాడు. అతను లేకపోతే సభకు జనం లేరు, జనం లేకపోతే డబ్బు లేదు. కమిటీ దిగివచ్చింది. ఎవరూ కాదనలేని అధ్యక్షుడిగా పార్టీలోకి తిరిగొచ్చాడు. నా లెక్కలో హిట్లర్ మొదటి నియంతృత్వం ఇదే, ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నోటితో సంపాదించినది.

అప్పుడు కూడా నోరు ఒక్కటే పనిచేయలేదని గమనించండి. ఆ కాలపు పోస్టర్ల మీద యూదులకు ప్రవేశం లేదని రాసి ఉండేది. సభలో ఎదురు ప్రశ్న వేసినవాణ్ణి బయటికి ఈడ్చి కొట్టడానికి ఒక దళం తయారైంది, అదే తర్వాత గోధుమరంగు చొక్కాల ఎస్.ఏ. సేన. 1921 నవంబరు 4న హోఫ్‌బ్రాయ్‌హౌస్‌లో సోషలిస్టులతో జరిగిన కొట్లాటను పార్టీ ఏళ్ల తరబడి గొప్పగా చెప్పుకుంది. వేదిక మీద ప్రసంగం, వేదిక కింద కర్ర, ఈ రెండూ మొదటినుంచీ జంటగానే ఉన్నాయి. ప్రసంగాన్ని మాత్రమే విడిగా తీసి అధ్యయనం చేసేవాళ్లతో నాకు పేచీ అక్కడే.

1923 నవంబరు 8న బీరుశాలలోంచి మొదలైన తిరుగుబాటు మర్నాటికే విఫలమైంది. ఏ ఇతర దేశద్రోహికైనా కథ అక్కడితో ముగిసేది. మరుసటి ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగిన విచారణలో జడ్జి అతన్ని గంటల తరబడి మాట్లాడనిచ్చాడు, సాక్షులను అడ్డప్రశ్నలు వేయనిచ్చాడు. పత్రికలు రోజూ అచ్చువేశాయి. మ్యూనిక్ బీరుశాలల వక్త దేశమంతటికీ తెలిసిన పేరు అయ్యాడు. ఐదేళ్ల శిక్ష పడింది, 1924 డిసెంబరులోనే బయటికొచ్చాడు. ఇక్కడ గొప్పతనం మాటదా, మైకు చేతికిచ్చిన న్యాయస్థానానిదా అని నా విద్యార్థులను అడుగుతుంటాను.

బయటికొచ్చాక 1925 మార్చిలో మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్ర ప్రభుత్వం అతని బహిరంగ ప్రసంగాలను నిషేధించింది, రెండేళ్ల తర్వాత ఎత్తేసింది. జర్మనీలో అతిపెద్ద రాష్ట్రమైన ప్రష్యాలో నిషేధం 1928 దాకా ఉంది. ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్నకు వద్దాం. 1928 మే ఎన్నికల్లో నాజీలకు 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. 1930 సెప్టెంబరులో 18.3 శాతం, 107 సీట్లు. 1932 జూలైలో 37 శాతం పైన, 230 సీట్లు. అదే మనిషి, అదే గొంతు, చాలావరకు అవే మాటలు. మధ్యలో మారింది వినేవాళ్ల బతుకు. 1929 చివరలో అమెరికా స్టాక్ మార్కెట్ కూలింది, జర్మనీకి వచ్చిన అప్పులు వెనక్కిపోయాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పార్లమెంటులో మెజారిటీ కుదరక అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ అత్యవసర ఉత్తర్వులతో పాలన నడిపించాడు. పాత పార్టీల మీద నమ్మకం పోయిన చోట, ఈ ముప్పై పార్టీలనూ ఊడ్చేస్తాను అనే మనిషి మాటకు చెవులు దొరికాయి. 1932 జూలైలో ఎబెర్స్‌వాల్డె సభలో అతను సరిగ్గా ఆ మాటే అన్నాడు. ప్రజాస్వామ్యాన్ని తీసేస్తానని దాచిపెట్టలేదు, చప్పట్ల మధ్య చెప్పాడు.

దీని మీద లెక్కలు వేసినవాళ్లు కూడా ఉన్నారు. 2018లో ఇద్దరు రాజనీతి పరిశోధకులు 1927 నుంచి 1933 దాకా జరిగిన అయిదు ఎన్నికల కాలంలో హిట్లర్ మాట్లాడిన 455 బహిరంగ సభలను తీసుకుని, సభ జరిగిన ప్రాంతాలనూ జరగని ప్రాంతాలనూ పోల్చి చూశారు. అతని సభల వల్ల ఓట్లలో వచ్చిన తేడా చాలా స్వల్పం అని తేలింది. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత ఆలోచిస్తే సబబుగానే తోచింది. సభకు టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాడు చాలావరకు ముందే మొగ్గినవాడు. ప్రసంగం అతన్ని మార్చదు, గట్టిపరుస్తుంది. ఇంటికెళ్లి పొరుగువాడితో ధైర్యంగా మాట్లాడే ఊపు ఇస్తుంది, పార్టీ కోసం రాత్రంతా పోస్టర్లు అంటించే ఓపిక ఇస్తుంది. దాన్ని తక్కువ అనను, కానీ అది మంత్రం కాదు.

మరి కొత్తవాళ్లను తెచ్చింది ఎవరు? నా అభిప్రాయంలో, పేరు తెలియని వక్తలు. 1928లో ఫ్రిట్జ్ రైన్‌హార్ట్ అనే నాజీ నాయకుడు పోస్టు ద్వారా వక్తలకు శిక్షణ ఇచ్చే ఒక పాఠశాల పెట్టాడు, మరుసటి ఏడాది పార్టీ దాన్ని అధికారిక పాఠశాలగా గుర్తించింది. ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పాలో రాసి పంపేవాళ్లు. వేలమంది అలా తయారయ్యారు. అప్పుల్లో మునిగిన పల్లెలో, ఎన్నికలు లేని రోజుల్లో కూడా, తమలాగే మాట్లాడే ఒక మామూలు మనిషి వచ్చి పశువుల ధర గురించి, బ్యాంకు వడ్డీ గురించి మాట్లాడతాడు. మిగతా పార్టీల వాళ్లు ఆ ఊరికి ఎన్నికలప్పుడు కూడా సరిగా వచ్చేవాళ్లు కాదు. ఉత్తరాన ష్లెస్విగ్-హోల్‌స్టైన్ అనే రైతు ప్రాంతంలో 1932 జూలైలో నాజీలకు 51 శాతం ఓట్లు పడ్డాయి. ఆ ఓట్లను ఒక్క మనిషి కంఠం ఖాతాలో వేయడం ఆ పల్లెల బాధను చిన్నచూపు చూడటమే అవుతుంది.

హిట్లర్ నైపుణ్యం లేదని మాత్రం అనుకోకండి. అతను దీన్ని ఒక పనిగా సాధన చేశాడు. అతని ఫొటోగ్రాఫర్ హైన్రిష్ హాఫ్‌మన్ తీసిన చిత్రాలున్నాయి: ఖాళీ గదిలో చేతులు ఎలా ఎత్తాలి, వేళ్లు ఎలా ముడవాలి అని ఒక్కో భంగిమ పట్టి, తర్వాత ఫొటోల్లో సరిచూసుకునేవాడు. 1932లో గొంతు దెబ్బతింటుంటే పాల్ డెవ్రియెంట్ అనే ఒపెరా గాయకుడి దగ్గర శిక్షణ తీసుకున్నాడు. జైలులో మొదలుపెట్టిన 'మైన్ కాంఫ్' పుస్తకంలో, ఒకే ఉపన్యాసం పొద్దున ఇస్తే చప్పగా ఉంటుందని, రాత్రి అయితే జనం ఎదురు నిలిచే శక్తి తగ్గి ఉంటుందని రాసుకున్నాడు. కొద్ది విషయాలే ఎంచుకో, తక్కువ తెలివి ఉన్నవాడికి కూడా ఎక్కేదాకా అవే చెప్పు అని కూడా. 1932 వసంతంలో అధ్యక్ష ఎన్నికల్లో విమానం అద్దెకు తీసుకుని ఒకే రోజు మూడు నాలుగు నగరాల్లో మాట్లాడాడు. ఆకాశంలోంచి దిగివచ్చే నాయకుడు అప్పటికి ఎవరూ చూడని దృశ్యం. అంతా చేసి ఆ ఎన్నికలో హిండెన్‌బర్గ్ చేతిలో ఓడిపోయాడు: 53 శాతానికి 36.8.

ఎదుటివాడిని బట్టి పాట మార్చేవాడు. 1932 జనవరి 26న డ్యూసెల్‌డార్ఫ్‌లో పారిశ్రామికవేత్తల క్లబ్బులో ముదురురంగు సూటు వేసుకుని రెండున్నర గంటలు మాట్లాడాడు. బీరుశాలలో వినిపించే యూదు ద్వేషం అక్కడ లేదు. సొంత ఆస్తి, కమ్యూనిజం ప్రమాదం, సమర్థుడి హక్కు, అదే ధోరణి. ఎన్నికలు దగ్గరపడ్డప్పుడల్లా దేశమంతటికీ చేసే ప్రసంగాల్లోనూ ఆ విషం వెనక్కి తగ్గి 'ఐక్యత' ముందుకొచ్చేది. దీన్ని చూసి "అధికారంలోకి వస్తే మెత్తబడతాడులే" అనుకున్నవాళ్లు చాలామంది. ఒక నాయకుడి అసలు మనసు తెలియాలంటే పెద్ద సభలోని ప్రసంగం ఒక్కటీ చాలదు, తనవాళ్ల మధ్య ఏం మాట్లాడాడో అది కూడా పక్కన పెట్టుకుని చదవాలి. నేను విద్యార్థుల చేత తప్పకుండా చేయించే పని ఇది.

"చదువుకున్నవాళ్లు ఎలా పడిపోయారు" అన్నారు. ఇందులో రెండు సవరణలు. ఒకటి, స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల్లో అతనికి వచ్చిన అత్యధిక ఓట్లు నూటికి 37. మిగతా 63 మంది పడిపోలేదు, అయితే వాళ్లు ఒకరితో ఒకరు కలవలేదు. రెండు, చదువు కవచం కాలేదు. 1931 వేసవిలోనే, అంటే హిట్లర్ అధికారానికి ఏడాదిన్నర ముందే, జాతీయ విద్యార్థి సంఘం నాజీ విద్యార్థుల చేతిలోకి వెళ్లిపోయింది. 1933 మే 10న బెర్లిన్‌లో పుస్తకాలు తగలబెట్టింది చదువు రాని మూక కాదు, విశ్వవిద్యాలయ విద్యార్థులు. నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ ఆ మంట పక్కన నిలబడి ప్రసంగించాడు.

ఇప్పుడు అసలు మలుపు. 1932 నవంబరు ఎన్నికల్లో నాజీలు 20 లక్షల ఓట్లు పోగొట్టుకున్నారు, సీట్లు 230 నుంచి 196కి పడ్డాయి. పార్టీ ఖజానా ఖాళీ. ప్రసంగాల బలం ఎంత ఉన్నా అది దిగజారుతున్న రోజులవి. సరిగ్గా అప్పుడు మాజీ ఛాన్సలర్ (మన ప్రధానమంత్రి లాంటి పదవి) ఫాన్ పాపెన్, హిండెన్‌బర్గ్ చుట్టూ ఉన్న మరికొందరు కలిసి హిట్లర్‌ను ఛాన్సలర్ చేయమని ముసలి అధ్యక్షుణ్ణి ఒప్పించారు. మంత్రివర్గంలో నాజీలు ముగ్గురే కదా, చుట్టూ మనవాళ్లే కదా, గుప్పిట్లో పెట్టుకోవచ్చు అనుకున్నారు. 1933 జనవరి 30న జరిగింది ఇదీ. ఏ సభా అతన్ని ఆ కుర్చీ ఎక్కించలేదు, మూసిన తలుపుల వెనక జరిగిన బేరం ఎక్కించింది.

ఆ తర్వాత ప్రసంగం స్వభావమే మారిపోయింది. అప్పటిదాకా రేడియో ప్రభుత్వం చేతిలో ఉండేది, నాజీలకు అందులో దాదాపు చోటు లేదు. ఫిబ్రవరి 10 స్పోర్ట్‌పలాస్ట్ ప్రసంగాన్ని గోబెల్స్ ముందుమాటతో రేడియోలో దేశమంతా వినిపించారు. అంతకు ముందే ఫిబ్రవరి 4న సభలనూ పత్రికలనూ నిషేధించే అధికారమిచ్చే ఉత్తర్వు వచ్చింది. ప్రష్యా పోలీసు నాజీ మంత్రి గోరింగ్ చేతిలో ఉంది, అతను ఆ నెలలోనే ఎస్.ఏ. తదితర దళాల వాళ్లను 50,000 మందిని సహాయక పోలీసులుగా తీసుకున్నాడు. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది, మర్నాడే పౌరహక్కులన్నీ రద్దు. కమ్యూనిస్టులను వేలల్లో జైళ్లలో వేశారు. మార్చి 4న కోనిగ్స్‌బెర్గ్ నుంచి హిట్లర్ ప్రసంగం మళ్లీ రేడియోలో, వీధుల్లో లౌడ్ స్పీకర్లలో. ఇంత చేసి మార్చి 5న వచ్చింది 43.9 శాతం. అప్పటికి కూడా సగం కాదు!

రేడియో గురించి ఇంకో పరిశోధన ఉంది, 2015లో వచ్చింది. 1933కు ముందు, రేడియో ప్రజాస్వామ్య ప్రభుత్వం చేతిలో ఉన్న కాలంలో, రేడియో బాగా అందే ప్రాంతాల్లో నాజీలకు ఓట్లు తగ్గాయట. హిట్లర్ ఛాన్సలర్ అయ్యాక అదే రేడియో వాళ్లకు ఓట్లు పెంచింది. అంతకంటే నన్ను కదిలించిన విషయం: యూదు వ్యతిరేక ప్రచారం పాతకాలం నుంచీ ఆ ద్వేషం ఉన్న ప్రాంతాల్లో బాగా పనిచేసింది, ఆ ద్వేషం చరిత్రలో తక్కువగా ఉన్న చోట్ల బెడిసికొట్టింది. విత్తనం ఒక్కటే, నేలను బట్టి మొలిచింది. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు అంటాం కదా, అదే.

ఇక్కడ ఒక చిన్న సవరణ కూడా. ఏ అబద్ధాన్నైనా పదేపదే చెబితే నిజమైపోతుందని గోబెల్స్ అన్నాడని అందరం చెప్పుకుంటాం, 'గోబెల్స్ ప్రచారం' అనే మాటే స్థిరపడిపోయింది. అతను ఆ మాట అన్నట్టు ఆధారం ఎక్కడా లేదు. అతను నిజంగా రేడియో అధికారులకు 1933 మార్చిలో చెప్పింది, అన్నిటికంటే ముందు విసుగు పుట్టించకండి అని. ఆ ఆగస్టులో 76 మార్కుల చవక రేడియోను బజారులోకి తెచ్చారు, దాని మోడల్ నంబరు 301, జనవరి 30కి గుర్తుగా. ప్రసంగాలు ఎక్కువై జనం విసుగెత్తుతున్నారని గ్రహించి హాయిగా వినే సంగీతం పెంచారు. రోజంతా పాటలు, వాటి మధ్య నాయకుడి గొంతు. బలవంతంగా వినిపించిన దానికంటే అలవాటుగా విన్నదే లోపలికి దిగుతుందని వాళ్లకు తెలుసు.

డ్రెస్డెన్‌లో విక్టర్ క్లెంపరర్ అనే యూదు ఆచార్యుడు ఉద్యోగం పోగొట్టుకుని, ఆ పన్నెండేళ్లూ జనం మాటల్లో వస్తున్న మార్పును రహస్యంగా డైరీలో రాసుకున్నాడు. మూర్ఖపు పట్టుదల ఉన్నవాడు అనే అర్థంలో తిట్టుగా వాడే 'ఫనాటిష్' అనే మాట మెచ్చుకోలుగా మారిపోయిందని గమనించాడు. ప్రసంగాన్ని ఒప్పుకోనివాళ్లు కూడా ఆ ప్రసంగంలోని పదాలతోనే మాట్లాడటం మొదలుపెట్టారు. ప్రసంగం గెలిచిందో లేదో చప్పట్లను బట్టి కాక, ఇళ్లలో మాట్లాడుకునే మాటలను బట్టి చెప్పాలని నాకు నేర్పింది ఆ డైరీనే.

ఒక హెచ్చరిక. ఇదంతా చదివి ప్రసంగాలు హానిలేనివని మాత్రం తీసుకోకండి. అధికారం చేతికొచ్చాక మాట ఆజ్ఞ అవుతుంది. 1939 జనవరి 30న, మరో ప్రపంచయుద్ధం వస్తే యూరప్‌లో యూదు జాతి నాశనమవుతుందని పార్లమెంటులో అన్నాడు. హత్యాకాండ నడుస్తున్న రోజుల్లో ఆ 'జోస్యాన్ని' తనే మళ్లీ మళ్లీ గుర్తుచేశాడు, తేదీని తప్పుగా యుద్ధం మొదలైన సెప్టెంబరు 1 అని చెబుతూ. ఇటలీలో ముస్సోలినీ కూడా అంతే. సోషలిస్టు నాయకుడు మాటెయొట్టిని 1924 జూన్‌లో చంపేశాక దేశం మండిపోయింది, ప్రభుత్వం పడిపోయేలా ఉంది. 1925 జనవరి 3న ముస్సోలినీ పార్లమెంటులో నిలబడి, జరిగిన దానికంతటికీ బాధ్యత నాదే అన్నాడు. ఏం చేస్తారో చేయండి అన్నట్టు. రాజు కదల్లేదు, సభ కదల్లేదు. ఇటలీ నియంతృత్వాన్ని ఆ రోజు నుంచే లెక్కపెడతారు. ఆ ప్రసంగం భయంకరమైనదే, కానీ దాన్ని చరిత్ర చేసింది ఎదురుగా ఉన్నవాళ్ల మౌనం.

మీకు ఆసక్తి ఉంటే ఒక పని చేయండి. ఆ అరుపుల వీడియోలు వదిలేసి, 1933 మార్చి 23 నాటి సభా కార్యక్రమాలను చదవండి. తగలబడిన పార్లమెంటుకు బదులు క్రోల్ ఒపెరా భవనంలో సభ పెట్టారు. లోపలా బయటా ఎస్.ఏ. దళాలు. కమ్యూనిస్టు సభ్యులు 81 మందిలో ఒక్కరూ లేరు. చట్టాలు చేసే అధికారాన్ని పార్లమెంటు నుంచి హిట్లర్ ప్రభుత్వానికి ఇచ్చే బిల్లు అది. హిట్లర్ ఆ రోజు అరవలేదు, చర్చిలకూ రాష్ట్రాలకూ హామీలిస్తూ మర్యాదగా మాట్లాడాడు.

తర్వాత సోషల్ డెమొక్రాట్ల నాయకుడు ఒట్టో వెల్స్ లేచాడు. వాళ్ల 120 మందిలో 94 మందే రాగలిగారు, మిగతావాళ్లు జైళ్లలోనో అజ్ఞాతంలోనో ఉన్నారు. స్వేచ్ఛను, ప్రాణాన్ని మా నుంచి తీసుకోవచ్చు, గౌరవాన్ని తీసుకోలేరు అన్నాడు. ఆ ప్రసంగం ఆడియో మిగిలింది. గొప్ప వక్త కాదు, కాగితం చూసి చదువుతున్నట్టుగానే ఉంటుంది. కానీ ఆ హాలులో నిలబడి చదవడం వేరు. సభా నివేదికలో అతని మాటల మధ్య మధ్య బ్రాకెట్లలో ఒక మాట కనిపిస్తుంది: 'జాతీయ సోషలిస్టుల నవ్వులు', అంటే నాజీలవి. 1932 గ్రామఫోన్ రికార్డులో హిట్లర్ అంటాడు, పదమూడేళ్ల కిందట మమ్మల్ని చూసి నవ్వారు, ఈరోజు మా ప్రత్యర్థులకు నవ్వు పోయింది అని. క్లాసులో నేను ఆ కాగితం, ఈ సభా నివేదిక పక్కపక్కన పెట్టి చదివిస్తాను.

బిల్లుకు అనుకూలంగా 444, వ్యతిరేకంగా 94. ఆ జూన్‌లోనే వెల్స్ పార్టీని నిషేధించారు. అతను దేశం విడిచి వెళ్లి 1939 సెప్టెంబరులో పారిస్‌లో చనిపోయాడు.